అన్న ఎక్కిన హెలికాప్టర్

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేదాన్ని. సూరత్‌లో ఒక హాస్పిటల్లో నేల తుడిచే పని నాది. చావులు చూసీ చూసీ భయం పోయింది.

కరోనా రెండో ఏడు మా అన్న రాజయ్య అదే హాస్పిటల్లో, మూడో అంతస్తులో చేరాడు. ఇరవై ఏళ్లుగా మగ్గాల కార్ఖానాలో పనిచేసిన మనిషి. విమానం కూడా ఎక్కి ఎరుగడు. నాకు రెండో అంతస్తులో డ్యూటీ. పని మొదలుపెట్టే ముందు ప్లాస్టిక్ సూటు వేసుకుని, ఐదు నిమిషాలు అన్నను చూసి వచ్చేదాన్ని.

రెండో రోజు ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి అన్నాడు. "చెల్లే, హెలికాప్టర్ల దునియా మొత్తం తిరుగుతున్ననే. డుమస్ బీచ్ కాడ ఎక్కిన. నిన్న సముద్రం దాటినం."

జ్వరంలో పలవరిస్తున్నాడనుకున్నాను. మర్నాడు ఎడారి అన్నాడు. ఆ తర్వాత మంచు.

"కిటికీ పక్కన్నే కూసున్న. మస్తు సలి పెడుతుంది. జరసేపు కూసోవే నా కాడ."

కింద సూపర్‌వైజర్ పిలుస్తున్నాడు. "పగటీలి బువ్వ యాళ్లకు వస్త అన్నా" అని దిగిపోయాను. పదకొండింటికే అన్న పోయాడు.

ఆ హెలికాప్టర్ మాటలు నేనెవరికీ చెప్పలేదు.

అన్న పోయిన ఐదో రోజున మా అంతస్తుకు ఒక గుజరాతీ ముసలావిడను తెచ్చారు. కిమ్ అనే ఊరి నుంచి అంబులెన్స్‌లో వచ్చింది. మర్నాడు పొద్దున ఆమె మంచం కింద తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. సూటులో నా కళ్లు తప్ప ఏమీ కనిపించవు. అయినా నన్నే చూస్తూ, గుజరాతీలో నెమ్మదిగా చెప్పింది.

"హెలికాప్టర్‌లో నాకు చోటు లేదు బేటీ. ఒక తెలుగాయన మంచులో దిగిపోతూ తన కిటికీ సీటు నాకిచ్చాడు. చెల్లెలికి పనుందట. కోపమేం లేదని చెప్పమన్నాడు."



తర్వాత నర్సును అడిగి కనుక్కున్నాను. ముసలావిడ అంతకు ముందెప్పుడూ ఆ హాస్పిటల్ గడప తొక్కలేదు. అన్నను చూసే అవకాశమే లేదు.

ఆమె బతికింది. ఇంటికి వెళ్లే రోజు వీల్‌చైర్ పక్కన వంగి హెలికాప్టర్ సంగతి అడిగాను. "హెలికాప్టరా?" అని వింతగా చూసింది. ఏమీ గుర్తు లేదు.

ఇదెలా జరిగిందో నాకిప్పటికీ తెలియదు. సూరత్‌లోనే ఆల్థాన్‌లో ఉంటున్న వదినకు చెప్పాలని చాలాసార్లు వెళ్లి, టీ తాగి తిరిగొచ్చాను. ఆఖరి గడియలో ఆయన పక్కన ఎవరూ లేరని ఆమె ఇంకా ఏడుస్తుంది. చెబితే నమ్ముతుందనే నా భయం. ఎక్కడ దిగాడని అడుగుతుంది. అంత మంచులో ఒంటి మీద స్వెటరైనా ఉందా అని అడుగుతుంది.