ఎలిశబెతమ్మ తాళం డైరీ

ఎలిశబెతమ్మ మొండిదని చిల్లకూరు దగ్గరి ఆ క్రైస్తవ సంఘంలో అందరూ ఒప్పుకుంటారు. అందరికంటే ముందు ఆమే ఒప్పుకుంటుంది. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ల కోసం ప్రార్థన చేయడం ఆమె పని. ఎవరి మనవి ఏమిటో అరచేతిలో ఇమిడే డిజిటల్ డైరీలో ఎక్కించి, నంబరుతో తాళం వేసుకుంటుంది.

గూడూరులో అది కొన్ననాడు షాపతను రంగుల తెరది, ఛార్జింగు పెట్టేది చూపిస్తే వద్దంది.

"మా ఊరి కరెంటును నమ్ముకుంటే అయినట్టే నాయనా! వాచీ సెల్లుతో నడిచేది ఇయ్యి."

అతను ఇచ్చి, ఒక జాగ్రత్త చెప్పాడు. లోపల రెండు సెల్లులుంటాయి, ఒకటి మార్చేటప్పుడు రెండోది కదపకూడదు, రెండూ తీస్తే ఎక్కించిందంతా పోతుంది.

ఫోను కొనుక్కోమని ఊరు నవ్వింది. నవ్వితే నవ్వారు. అంతకుముందు మనవులు చీటీల మీద రాసి గుడి పెట్టెలో వేసేవాళ్లు. సంఘపెద్ద కృపాదానం ఒక ఆదివారం అబిగయీలు చీటీని అందరి ముందూ పేరుతో సహా చదివేశాడు. మొగుడు కొట్టకుండా చూడమన్న మనవి అది. ఆ సాయంత్రమే ఆ పిల్ల మళ్లీ దెబ్బలు తినింది. ఇక పెట్టెలో చీటీ వేసిన ఆడది లేదు. కృపాదానానికి అదే కడుపుమంట.

మొన్న ఆరాధన అయ్యాక ఆయన గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"సంఘానికి తెలియని మనవులేంది ఎలిశబెతమ్మా? అన్నీ సంఘం వాట్సాప్ గ్రూపులో పెడతాం. నంబరు చెప్పు."

"చెప్పను."

"అయితే డైరీ ఇట్లా తే. గూడూరులో తాళం తీపిస్తా."

వెనక అబిగయీలు ముఖంలో నెత్తురు చుక్క లేదు. అది చూసి ఎలిశబెతమ్మకు ఒళ్లు మండింది. కొంగు పిన్నీసు తీసి డైరీ వెనక మూత ఊడదీసింది. ఒక సెల్లు తీసింది. రెండోదీ తీసింది. ఇన్నేళ్ల మనవులు ఒక్క క్షణంలో పోయాయి. ఖాళీ డైరీని ఆయన చేతిలో పెట్టింది.

"ఇంద, పెట్టుకోండి గ్రూపులో. దేవుడికి నేనెప్పుడో చెప్పేసినా."

మనవుల కోసం మళ్లీ అన్ని గడపలూ ఎక్కాలి. ఆ సాయంత్రమే వట్టి చేతులతో అబిగయీలు ఇంటికి పోయింది. మొగుడు గుమ్మంలో కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు. ఎందుకొచ్చావన్నట్లు చూశాడు.

"కాళ్లు తియ్యి నాయనా," అంది ఎలిశబెతమ్మ. "లోపలికి పోవాల."