గంజి ఆరేదాకా న్యాయచర్చ

రాజనీతి తత్వం చెప్పేవాళ్ల మీద నాకు గౌరవం లేదు. నేనూ అదే చదివి, అదే పాఠం చెప్పుకుని బతికినవాణ్ణి కాబట్టి ఈ మాట అనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ శాస్త్రం పత్రికలు తిరగేస్తుంటాను. తన తప్పు లేకుండా నష్టపోయిన మనిషి భారం ఎవరు మోయాలి, సమాజమా, ఆ మనిషేనా అని పేజీలకు పేజీలు రాస్తారు. ఉదారవాది ఒకటంటాడు, సామ్యవాది ఇంకొకటంటాడు. నష్టపోయిన మనిషి మాత్రం ఎప్పుడూ ఒక ఉదాహరణే. వాళ్లకు ఆ మనిషి పేరుతో పని లేదు. అవి చదివినప్పుడల్లా మా మేనత్త పడుగు గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది.

మాది కట్టంగూర్ దగ్గరి ఊరు. నేతవాళ్లుండే సాలెవాడలో పుట్టాను. అరవైల మొదట్లో నల్లగొండలో డిగ్రీ చదువుతూ సెలవు దొరికితే ఇంటికొచ్చేవాణ్ణి. కాలేజీలో మాకు రాజనీతి చెప్పే లెక్చరర్లు ఇద్దరు. ఒకాయన కోస్తా నుంచి వచ్చిన సోషలిస్టు. తెల్లటి ఇస్త్రీ బట్టల్లో వచ్చి శ్రామికుడి చెమట గురించి చెప్పేవాడు. రెండో ఆయన హైదరాబాదు మనిషి, ఉదారవాది. వ్యక్తి స్వేచ్ఛ ప్రస్తావన లేకుండా మంచినీళ్లు కూడా అడిగేవాడు కాదు. వాళ్లకు ఒకరంటే ఒకరికి పడదని మేం అనుకునేవాళ్లం. అది మా అమాయకత్వం. సాయంత్రమయితే ఇద్దరూ ఒకే హోటల్లో ఒకే బల్ల దగ్గర చాయ్ తాగేవాళ్లు. ఒకరు లేకపోతే రెండో ఆయనకు చెప్పడానికి పాఠమే లేదు.

ఆ ఏడు మా మేనత్త భర్త పోయాడు. పిల్లలు లేరు. చేనేత సంఘంలో సభ్యత్వం ఆయన పేరు మీద ఉండేది. సభ్యుడికే సంఘం నూలు ఇస్తుంది. నూలు రాకపోతే మగ్గం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. పరాయి ఇంట్లో కూలికి నూలు కండెలు చుట్టుకోవాలి. మా వాడలో ఆడవాళ్లు కండెలు చుడతారు, గంజి కాస్తారు, పడుగుకు సాయం పడతారు, మగ్గం గుంతలో మాత్రం మగవాడే కూర్చుంటాడు. మా అత్త భర్త జబ్బుపడ్డప్పటి నుంచే తలుపు మూసుకుని నేసేది. అందరికీ తెలుసు, ఎవరూ తెలిసినట్టు కనిపించలేదు.

సంఘం అధ్యక్షుడు వెనకటి నూలు సావుకారే. సహకార సంఘం వచ్చాక పేరు మారింది గానీ గద్దె మారలేదు. మా అత్త పోయి ఆయన ముందు నిలబడి అడిగింది. నాలుగు మాటలతో దులిపేసింది కూడా. ఆమె నోటికి జడిసి ఆయన ఒక పడుగుకు సరిపడా నూలు ఇప్పించాడు. బట్ట సరిగ్గా నేసి తెస్తే సభ్యత్వం ఆమె పేరుకు మారుతుంది, లేకపోతే కొట్టేస్తారు. అదీ ఒప్పందం. ఆమె బతుకంతా ఆ ఒక్క పడుగు మీద ఉంది.

పడుగుకు గంజి పెట్టడం ఒక ఇంటివాళ్లతో అయ్యే పని కాదు. పొద్దున్నే వాడలో గుంజలు పాతి పడుగును, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులను, వీధి పొడవునా సాగదీస్తారు. గంజి పట్టించి, అటొకరు ఇటొకరు పట్టుకునే పెద్ద కుంచెలతో ఆరేదాకా దువ్వుతూనే ఉండాలి. మధ్యలో ఆపితే పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి, విడదీయబోతే తెగుతాయి. అందుకే ఎవరి పడుగైనా వాడంతా వస్తుంది. పిలవరు, కూలి ఇవ్వరు. ఇవ్వాళ నీది, రేపు నాది. ఈ సంగతి మా తరగతిలో ఎవరో చెబితే లెక్చరర్లిద్దరికీ పండగయింది. ఇదే సమసమాజానికి విత్తనం అన్నాడు ఒకాయన. ఇది స్వతంత్ర వ్యక్తులు తమ మేలు కోరి చేసుకున్న ఒప్పందం, అంతకు మించి ఏమీ లేదన్నాడు ఇంకొకాయన. చాలా రోజులు మాకు వేరే పాఠం జరగలేదు. చివరికి కళ్లతో చూసి తేల్చుకోవాలనుకున్నారు.

నేను సెలవుకు ఇంటికొచ్చి ఉండగా, మా అత్త పడుగు సాగదీసిన రోజునే, గంజి పట్టించి కుంచెలు అప్పుడే అందుకున్న వేళకు, జీపు వచ్చి వాడ మొదట్లో ఆగింది.

"సార్లొచ్చిండ్రు. జర ఆగుండ్రి," అన్నాడు మా వాడ పెద్దమనిషి.

అందరూ ఆగారు. కుంచెలు పక్కన పెట్టి, తడి చేతులు ధోవతులకు తుడుచుకుని దండాలు పెట్టారు. చదువుకున్నవాడు మాట్లాడుతుంటే పని చేస్తూ వినడం మర్యాద కాదని మావాళ్ల నమ్మకం. ఆ మర్యాద మీద ఇప్పటికీ ఉమ్మేయాలనిపిస్తుంది. ఇద్దరికీ కుర్చీలు తెచ్చి వేశారు. పోగుల మీద గంజి తడి మెరుస్తూనే ఉంది, ఎండ ఇంకా ఇళ్ల కప్పుల మీదే ఉంది.

"చూశారా, సొంత లాభం అన్న ఊసే లేదిక్కడ," అన్నాడు సోషలిస్టు.

"జర ఆగుండ్రి సాబ్, ఆయన్నే అడుగుదాం," అని ఉదారవాది ఒక ముసలాయన వైపు తిరిగాడు. "ఎవరన్న బలవంతం చేస్తె వచ్చినవా, నీ ఇష్టంతోని వచ్చినవా?"

ముసలాయన బిత్తరపోయి, "వాడకట్టు పని గద సారూ, రాకుంటె ఎట్ల?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఇద్దరూ గెలిచారు. ఉమ్మడి బతుకుకు అంతకంటే రుజువు ఏం కావాలన్నాడు ఒకాయన. రాకపోతే రేపు తన పడుగుకు ఎవరూ రారన్న లెక్కే కదా, అదే ఒప్పందం అన్నాడు రెండో ఆయన. ఇక ఆస్తి అన్నారు, హక్కు అన్నారు, సమ్మతి అన్నారు. మావాళ్లు అర్థమయినట్టు తలలు ఊపారు.

మా అత్త ముందుకొచ్చింది. "గీ ముచ్చట తర్వాత చెప్పుకోవచ్చు గాని, ముందు కుంచెలు పట్టుండ్రి. గంజి ఆరుతాంది."

"పెద్దోళ్లు మాట్లాడుతుంటె నడ్మ నీ లొల్లేందే?" అన్నాడు పెద్దమనిషి.

ఆమె కుంచె ఒక వైపు పట్టుకుంది. నేను రెండో వైపు పట్టాను. ఇద్దరం కలిసి వీధి పొడవు పడుగును ఎంతని దువ్వగలం? మేం ఈ కొసన ఉంటే ఆ కొస ఆరిపోతోంది. సోషలిస్టు మమ్మల్ని చూసి మురిసిపోయాడు. శ్రమకు ఆడామగా తేడా లేదనడానికి మేం సాక్ష్యమట. ఎండ వీధిలోకి దిగింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని మా అవ్వ అనేది. ఇక్కడ పిల్లులకు ఎలుక ఉన్న సంగతే తెలియదు.

వాళ్లకు దప్పికయి మాట ఆగాక మావాళ్లు కుంచెలు పట్టారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. పోగులు అట్టలు కట్టాయి. దువ్వితే పటపట తెగాయి. మా అత్త తెగిన పోగులు చేత పట్టుకుని అక్కడే కూలబడింది. ఏడవలేదు, తిట్టింది. పెద్దమనిషిని, వాడను, చచ్చిపోయిన మొగుణ్ణి వరసబెట్టి తిట్టింది. సార్లను తిట్టడానికి మాత్రం ఆమెకు కూడా నోరు రాలేదు.

ఆ తర్వాత చాలాకాలం మా తరగతిలో ఆమె పాఠమయింది. "ఒక స్త్రీ ఉంది, ఆమె నూలు ఎవరూ ఉద్దేశించకుండానే పాడయింది, నష్టం ఎవరిది?" అని మొదలుపెట్టేవారు. ఇది ఎవరి తప్పూ కాదు, దయతో సాయం చేయవచ్చు గానీ అది ఆమె హక్కు కాదన్నాడు ఉదారవాది. ఒక్కరికి సాయం చేస్తే వర్గ చైతన్యం మొద్దుబారుతుందన్నాడు సోషలిస్టు. ఎంత తగువులాడినా ఒక్క చోట ఇద్దరూ కలిశారు. వాళ్లు ఇవ్వాల్సింది మాత్రం ఏమీ లేదు. ఉద్దేశించకుండా అంటున్నారు, పని ఆపించింది మీరే కదా సార్ అని నేను లేచి అన్నాను. వ్యక్తిగత విషయాలు చర్చలోకి తేవద్దని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

సభ్యత్వం తేల్చే సంఘం సభకు అధ్యక్షుడు వాళ్లిద్దరినే ముఖ్య అతిథులుగా పిలిచాడు. ఆయన తెలివైనవాడు. మా అత్త ముందు వరసలో కూర్చుంది. ఇద్దరూ ఆమె గురించే మాట్లాడారు, అద్భుతంగా మాట్లాడారు. ఆర్థిక న్యాయం లేని స్వేచ్ఛ ఉత్తదన్నాడు ఒకాయన. స్వేచ్ఛ లేని న్యాయం చెరసాల అన్నాడు ఇంకొకాయన. ఆమె వైపు ఒక్కసారీ చూడలేదు. ఆమెకు ఇంకో పడుగు నూలు ఇవ్వండి అన్న ముక్క ఇద్దరి నోటా రాలేదు. జనం చప్పట్లు కొట్టారు. నియమం ప్రకారం సభ్యత్వం రద్దయిందని అధ్యక్షుడు చదివి, వెంటనే అతిథులకు సన్మానం అన్నాడు. పూలెందుకని, చేనేతవాళ్ల సభ కాబట్టి, సంఘం నూలు చిలపలతో కట్టిన లావుపాటి దండలు ఇద్దరి మెడల్లో వేశారు.

మా అత్త లేచి నిలబడింది. "సారూ, గా దండలు రెండు నాకియ్యుండ్రి. నేసి సూపెడ్త," అంది.

సభంతా నవ్వింది. లెక్చరర్లిద్దరూ ఒకరినొకరు చూసుకుని, పల్లెవాళ్ల హాస్యం ఎంత బాగుంటుందో అనుకున్నట్టు, మనసారా నవ్వారు. దండలు మెడలో ఉంచుకునే జీపెక్కారు. మరునాడు పొద్దున మా అత్త అధ్యక్షుడి ఇంటికి కండెలు చుట్టడానికి కూలికి పోయింది.