రెండు గాజు పోగులు, అమ్మ అనుమానం

తొంభైల చివర నేను ఉదయగిరి టెలిఫోను ఎక్స్చేంజీలో పనిచేసేవాణ్ణి. ఆత్మకూరు, కలిగిరి, దుత్తలూరు, ఉదయగిరి కలుపుతూ భూమిలో గాజు పోగుల కేబులు వేశారు, మళ్లీ మొదటికే వచ్చేట్టు రింగులాగా. ఒక పోగులో మాటను మోసే వెలుగు ఇటు తిరుగుతుంది. రెండోది ఎదురు దిక్కుకు, అవసరానికి సిద్ధంగా ఉంటుంది. ఎక్కడైనా తెగితే, తెగిన చోటుకు అటూ ఇటూ ఉన్న మిషన్లు వెలుగును రెండో పోగులోకి మళ్లిస్తాయి. మాట వెనక్కి తిరిగి, చుట్టూ పోయి చేరుతుంది. ఇంజినీరు ఇదంతా చెబుతుంటే, సర్లే, తెగినప్పుడు చూద్దాం అనుకున్నాను. ఇలాంటి కబుర్లు చాలా విన్నాం.

తెగనే తెగింది. ఆత్మకూరు దారిలో రోడ్డు తవ్వే మిషను తెంపింది. అదీ మా అక్క రెండో కాన్పుకు ఆత్మకూరు ఆసుపత్రిలో చేరిన రోజే! మొదటి కాన్పులో చావు తప్పి బయటపడింది. నొప్పులు మొదలవగానే ఫోను చేయిస్తాను, నువ్వు పక్కనుండాలని అమ్మ దగ్గర మాట తీసుకుంది. గొడ్లను వదిలి ముందే వెళ్లడానికి అమ్మకు వీల్లేదు.

ఎక్స్చేంజీలో కేబులు తెగినట్టు ఎర్ర లైటు వెలగ్గానే ఆత్మకూరుకు కలిపి చూశాను. అక్కడి ఆపరేటరు పక్కగదిలో ఉన్నట్టు పలికాడు. నమ్మబుద్ధి కాక మళ్లీ కలిపాను. ఈసారి విసుగ్గా పలికాడు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్లి, నోరూరుకోక అమ్మతో అనేశాను.

"తెగిందంటివి, పలకతాదంటివి. ఏందిరా ఇది?"

"కలిగిరి మీదగా చుట్టి పోతాదమ్మా."

"ఆత్మకూరు పోయేదానికి కలిగిరి చుట్టాల్నా? ఆ బస్సెక్కితే పొద్దుగూకేదాకా చేరను. ఎవురికి చెప్తావురా కథలు?"

మా అమ్మకు ప్రార్థన మీదున్న నమ్మకంలో పిసరంతైనా తీగల మీద లేదు. నేను డ్యూటీకి పోగానే ఫోను పక్కన పీట వేసుకుని కూర్చుంది. తీగ బతికుందో లేదోనని రిసీవరెత్తి వినడం, పెట్టడం, మళ్లీ ఎత్తడం. వినపడేది మా ఊరి ఎక్స్చేంజీ మోత, ఆత్మకూరు సంగతి దానికేం తెలుసు? చివరికి పెట్టడమే మానేసింది. ఎత్తి చాలాసేపు ఉంచితే లైను మూగబోతుంది. అమ్మకు కావలసిన సాక్ష్యం దొరికింది.

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి బావ బస్సు దిగి వస్తున్నాడు. ఆయన వెంటే లోపలికి పరుగెత్తాను.

"ఎన్నిసార్లు చేసినా ఎంగేజే కదత్తా! ఆడపిల్ల. ఇద్దురూ బాగుండారు. అమ్మొచ్చిందా, అమ్మొచ్చిందా అని అడగతానే కనింది."

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత నా మీదికి తిరిగింది.

"తెగిందని నేను చెప్పలా? నువ్వింటివా?"

రిసీవరు ఇంకా ఆమె ఒళ్లోనే ఉంది.