ఆకు తిప్పి చూసే అవ్వ

పలమనేరులో మా పక్కింటి అవ్వ ఎవరి పెరట్లోకి వెళ్ళినా ముందు ఆకు తిప్పి అడుగు చూసేది. ఆ తర్వాతే మనుషుల్ని పలకరించేది.

మొగ్గను కూరగాయలా తినే ఆర్టిచోక్‌ను విత్తనం నుంచి పెంచాను. దానికి ఆకుల రసం పీల్చే పేనుబంక పురుగు పట్టింది. మధ్యలో నల్లటి ముళ్ళ పురుగులు కూడా కనిపించేసరికి హడలిపోయి మందు కలిపాను. అవ్వ ఆకు తిప్పి చూసి, నా చెయ్యి పట్టుకుంది.

“ఆగప్పా! ఈ నల్లవి అక్షింతల పురుగు పిల్లలు. బంకను తినేదానికే వచ్చినాయి. వీటిని సంపితే నీకెవురు దిక్కు?”

వారానికి ఆకులు శుభ్రపడ్డాయి. నా ప్రాణం కుదుటపడింది.

తొలి మొగ్గను ఉడికించి అవ్వకే ఇచ్చాను. ఒక్కో రేకూ ఊడదీసి, తిప్పి, అడుగు చూసింది.

“ఏమీ లేదులే, నువ్వూ తినప్పా,” అంది.