మూసిన ఇంట్లో గాలి

ఆమె చేసే పనేమిటో విన్నవాళ్ళు ముందు నవ్వేవాళ్ళు. ఎవరైనా స్థలమో, షెడ్డో, పాత భవనమో కొనబోయే ముందు ఆమెను పిలిపిస్తారు. వెనకటివాళ్ళు అక్కడి మట్టిలో, నీళ్ళలో, గాలిలో ఏ విషం వదిలి వెళ్ళారో ఆమె చూసి చెబుతుంది. కార్డు మీద పర్యావరణ సలహాదారు అని ఉంటుంది గానీ, అంత పేరుకు నోరు తిరగక అందరూ నేల డాక్టరమ్మ అనేవాళ్ళు. బేరం కుదిరే వేళ నిన్ను తీసుకెళ్ళడమంటే పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమేనని వాళ్ళ అక్క ఆట పట్టించేది.

పరికరాలు బయటికి తీసే ముందు ఖాళీ గదిలో కాసేపు ఊరికే కూర్చోవడం ఆమెకు అలవాటు. అలా కూర్చుంటే ఆ చోటు తన పాత కథ తానే చెప్పుకుంటున్నట్టు ఉండేది. గోడ మీద నూనె మరక కనబడితే చాలు, అక్కడ తిరిగిన యంత్రమూ, దాని పక్కన కునికిపాట్లు పడిన మనిషీ కళ్ళలో మెదిలేవారు. తోటివాళ్ళు పగటికలలని ఎగతాళి చేసేవారు. పగటికలలే, కాదన్నదెవరు? కానీ ఎక్కడ తవ్వి చూడాలో చాలాసార్లు ఆ కలలే చెప్పేవి.

అటువంటి మనిషికి సొంత అక్క కొనబోయే ఇల్లు చూడాల్సి వచ్చింది. అక్క సగం జీవితం పరాయి ఇళ్ళలో పసిపిల్లల్ని ఆడిస్తూ గడిపింది. పిల్లల్ని చూసుకునే చోటు తనదంటూ ఒకటి ఉండాలని కొండంత ఆశ. ఇన్నాళ్ళకు అందుబాటులో ఒక ఇల్లు దొరికింది. ముందు పొడవాటి హాలు, వెనక చిన్న పెరడు. ఒకప్పుడు ఇస్త్రీ కొట్టు ఉండేదని అమ్మేవాళ్ళు చెప్పారు. అప్పిచ్చే బ్యాంకు తన మనుషుల్ని తాను పంపుకుంటుంది, అక్కకు మాత్రం చెల్లెలి మాట కావాలి. నువ్వు సరేనంటే రేపే సంతకం పెట్టేస్తానంది.

ఆ ఉదయం లోపల అడుగు పెట్టగానే చెల్లెలికి ప్రాణం లేచొచ్చింది. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. తెల్లటి తెరలు గాలికి పొంగి, మళ్ళీ మెల్లగా దిగుతున్నాయి. కడిగిన నేల మీద వెలుగు నీళ్ళలా నిలిచి ఉంది. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. ఈసారి పాత కథేదీ రాలేదు, ఇంకా జరగనిది వచ్చింది. చాపల మీద పసివాళ్ళు వరసగా నిద్రపోతున్నారు. వాళ్ళ మధ్య అక్క అడుగుల చప్పుడు కాకుండా తిరుగుతోంది. ఎంత హాయిగా ఉందంటే సంచి తెరవకుండానే, బాగుందక్కా అని చెప్పేద్దామనుకుంది.

ఇంతలో అక్క మురిసిపోతూ చెప్పింది. నిన్నటి నుంచీ కిటికీలన్నీ తెరిచే ఉంచిందట. ఫినాయిలు వేసి రెండుసార్లు కడిగిందట.

"పరీక్షకొస్తున్నావు కదా. ఇల్లు మురికిగా ఉంటే తక్కువ మార్కులేస్తావేమోనని."

చుట్టం వస్తోందంటే ఇల్లు సర్దుకోనివాళ్ళెవరు? అక్క తప్పేమీ లేదు. గాలిని పరీక్షించాలంటే లోపలి ఆవిర్లు బయటికి పోకుండా ఇల్లు ముందురోజు నుంచే మూసి ఉంచాలి, ఫినాయిలు జోలికి పోకూడదు. అందరికీ ఫోనులో ముందుగా చెప్పే మాటే ఇది. అక్కకు చెప్పడం చెల్లెలే మరిచిపోయింది. ఊరందరి ఇళ్ళ దగ్గరా గట్టిగా ఉండే మనిషి సొంత అక్క దగ్గర మెత్తబడింది. ఇస్త్రీ కొట్టే కదా, ఏముంటుందిలే అని మనసు బుజ్జగించింది కూడా.

అయినా కాళ్ళు ఊరుకోక పక్క కొట్టు దర్జీని అడిగింది. ఇస్త్రీ ఒక్కటే ఎక్కడ, వెనక గదిలో పెద్ద యంత్రం పెట్టి కోట్లూ ఖరీదైన బట్టలూ మందుతో డ్రై క్లీనింగ్ చేసేవాళ్ళని ఆయన చెప్పాడు. ఆ మందు వాసనకు తనకు తలనొప్పి వచ్చేదట.

ఆమె తిరిగొచ్చి ఒక్కో కిటికీ మూస్తుంటే అక్క మొహం చిన్నబోయింది. ఫినాయిలు వాసన పోయేదాకా ఆగి, నేలకు సన్నటి రంధ్రం వేసి, గాలిని పట్టే స్టీలు డబ్బాలు అమర్చింది. ఫలితం వచ్చాక ఫోనులో చెప్పలేక, అక్కను మూసి ఉన్న ఆ ఇంటికే తీసుకెళ్ళి హాల్లో కూర్చోబెట్టింది.

కాసేపటికి అక్క ముక్కు ఎగబీల్చింది. "ఏదో తియ్యగా వాసనొస్తోందే."

"ఆ మందేనక్కా. ఏళ్ళ తరబడి నేలలోకి ఇంకింది. ఇప్పుడు ఆవిరై పైకొస్తోంది. బాగు చేయొచ్చుగానీ, అమ్మేవాళ్ళు చేయించరు, మన వల్లా కాదు."

"పిల్లలు పడుకునేది ఈ నేల మీదే కదా."

"అవునక్కా."

అక్క ఏడ్చింది. చెల్లెలికీ ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. తన సొంత కల చెదిరినా ఆమె ఇంత బాధపడేది కాదు.

చివరికి అక్క పమిటతో మొహం తుడుచుకుంది. "నువ్వు మంచే చేశావు, నాకు తెలుసు. అయినా కొన్నాళ్ళు నీతో మాట్లాడలేనే. ఏమీ అనుకోకు."

చెల్లెలు అలాగేనంది. అక్క ముందు నడిచింది. ఆమె తాళం వేసి, కాస్త దూరంగా, ఆ వెనకే నడిచింది.