ఎల్లవ్వ అడిగిన రెండో ప్లేటు

నిరుడు వినాయక నవరాత్రుల్లో, సుబేదారిలోని మా కాలనీ మంటపం దగ్గర అన్నదానంలో నేను పులిహోర వడ్డిస్తున్నాను. ఫుట్‌పాత్ మీదే బతికే ముసలి ఎల్లవ్వ తన కుక్కతో వచ్చింది. ఒక ప్లేటు తీసుకుని ఇంకోటి అడిగింది.

"ఇంకోటి ఎవలకు?" కమిటీ పెద్దాయన గద్దించాడు.

"మా రాజుగానికి సారూ. నాకు వాడు దప్ప ఎవలున్నరు?"

"దేవుని ప్రసాదం కుక్కకు పెడ్తవా? నడువ్!"

ఎల్లవ్వ తన ప్లేటే కుక్క ముందు పెట్టి, అది తిన్నాక, తాను మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

సాయంత్రం మిగిలిన రెండు గంగాళాల పులిహోరను అదే పెద్దాయన మోరీ పక్కన పారబోయించాడు. వీధికుక్కలన్నీ ఎగబడ్డాయి. మరి అప్పుడు అపచారం కాలేదా?

ఆయన్ను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నన్ను తలుచుకుంటే ఇంకా ఎక్కువ. గరిటె ఆ రోజు నా చేతిలోనే ఉంది.