స్టాప్ బోర్డు జైనబీ

జైనబీ గురించి ఎవరడిగినా నా నోటి నుంచి మంచి మాట రాదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్నేమీ అనుకోవద్దు. నాది రాయచోటి దగ్గర పల్లె, ఆమెది ప్రొద్దుటూరు. పాత కడప జిల్లా లెక్కన ఒకే జిల్లా వాళ్ళం. పరాయి దేశంలో సొంత జిల్లా మనిషి కనబడితే ఎవరైనా సంబరపడతారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

ఎందుకో చెబుతాను. ఈ అరబ్బు దేశంలో, ఖబూరా అనే ఊళ్ళో, మా యజమాని యాసిర్ బాబా ఇంట్లో పనికి నేను వచ్చేనాటికి ఆయన కూతురు హఫ్సా నలభై రోజుల పసిగుడ్డు. కాళ్ళు చాపుకుని, వాటి మీద బోర్లా పడుకోబెట్టి నేను నీళ్ళు పోస్తుంటే వాళ్ళమ్మ కెవ్వుమంది. పిల్ల మాత్రం నా కాళ్ళ మీదే నిద్రపోయింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల నాదే అనుకున్నాను. జీతానికి వచ్చినదాన్ని అలా అనుకోకూడదని తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు ఊరుకుంటుందా? మొదటి పన్ను వచ్చింది నా వేలు కొరికే, మొదటి అడుగు వేసింది నా కొంగు పట్టుకునే. ఎవరూ లేనప్పుడు తెలుగు మాటలు కూడా నేర్పాను. రా, పో, బువ్వ, బంగారూ. ఆ ఇంట్లో అవి మా ఇద్దరికే అర్థమయ్యేవి. పెద్ద ఆస్తి సంపాదించినట్టు ఉండేది నాకు.

అయిదో ఏట బడిలో వేశారు. బడి బస్సుతోపాటు జైనబీ కూడా దిగబడింది.

ఆ బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయా ఆమె. బస్సు మా ఇంటికి అవతలి వైపు రోడ్డు మీద ఆగుతుంది. జైనబీ తన సీటు పక్కనున్న స్విచ్ నొక్కితే బస్సు ఒంట్లోంచి చెయ్యి చాపినట్టు ఎర్ర స్టాప్ బోర్డు తెరుచుకుంటుంది. అది తెరిచి ఉన్నంతసేపూ ఏ బండీ బస్సును దాటి పోకూడదు. అప్పుడు జైనబీ దిగి, హఫ్సా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, ఆ చేతిని నా చేతిలో పెట్టాలి. ఇంటివాళ్ళు గేటు దాటి రాకూడదు, అవతలి నుంచి పిల్లల్ని పిలవకూడదు. ఈ షరతులు రాసిన కాగితం మీద బడివాళ్ళు నా చేత కూడా వేలిముద్ర వేయించుకున్నారు.

ఇంతవరకూ బాగానే ఉంది. వారం తిరక్కుండానే హఫ్సా ఆమెను ఖాలా అనడం మొదలుపెట్టింది. ఖాలా అంటే పిన్ని. మరి నన్ను? మల్లీ. అయిదేళ్ళు ముక్కు తుడిచి, ముడ్డి కడిగి, జ్వరమొస్తే భుజాన వేసుకు తిరిగిన మల్లీశ్వరి ఉత్త మల్లీ. నిన్నగాక మొన్న వచ్చిన మనిషి పిన్ని.

ఆమె కథంతా నాకు తెలుసు. నేనడిగి తెలుసుకోలేదు, నాకేం పని? అన్నం తింటున్నంతసేపూ హఫ్సా చెప్పేది ఖాలా పురాణమే. మిగిలింది జైనబీయే గేటు దగ్గర రెండేసి ముక్కలుగా చెప్పింది. మొగుడు ప్రొద్దుటూరులో ఆటో తోలేవాడు, పోయాడు. ఈమె ఇక్కడి రాజధానిలో దార్సైట్ అనే పేటలో ఎవరో ఆఫీసు ఉద్యోగుల ఫ్లాట్లో వంటకు వచ్చింది. వాళ్ళు సంసారం ఎత్తేసి వెళ్ళిపోతే దారి తెన్నూ లేక నెల రోజులు తిరిగి, చివరికి ఈ బస్సుల కాంట్రాక్టరు దగ్గర చేరింది. దర్జీ కొట్టు వెనక గదిలో మరో ఇద్దరితో ఉంటుంది. బస్సులో ఇరవై ఇద్దరు పిల్లలు. ఎవరికి మలుపులో వాంతి వస్తుందో, ఎవరు నిద్రపోయి సీటు కిందికి జారతారో ఆమెకు తెలుసు. ఖాళీ బస్సు షెడ్డుకు వెళ్ళేముందు ప్రతి సీటు కిందికీ వంగి చూసి, ఎవరూ లేరని గట్టిగా అరిచి చెప్పి గాని దిగదట. అబ్బో, గొప్ప! అనుకున్నాను. స్టాప్ బోర్డు జైనబీ అని పేరు పెట్టి ఇంట్లో నవ్వించబోయాను. హఫ్సా ఒక్కతే నవ్వలేదు.

ఒకరోజు బస్సు దిగుతూ హఫ్సా తెలుగులో, "ఖాలా, దా!" అంది. రా అనేది నా మాట. దా అనేది నేను నేర్పలేదు.

"ఏమ్మే, పిల్లతో తెలుగు మాట్లాడ్తాండావా?" అని అడిగాను.

"అవునక్కా. నువ్వు నేర్పించినావంట గదా, శానా బాగా మాట్లాడ్తాది," అంది నవ్వుతూ. నాకంటూ ఉన్న ఒక్కదానిలోనూ వాటాకొచ్చింది.

అప్పటి నుంచి నేనూ మొదలుపెట్టాను. బజారులో మలయాళీ కొట్లో బొరుగులు తెచ్చి, బెల్లం పాకం పట్టి బొరుగుల ముద్దలు చుట్టేదాన్ని. బస్సు ఆగగానే గేటు దగ్గర నిలబడి ఒకటి పైకెత్తి చూపించేదాన్ని. హఫ్సా కళ్ళు నా వైపు తిరిగేవి, అడుగులు తొందరపడేవి. జైనబీ మాత్రం చెయ్యి వదిలేది కాదు. పిల్ల ఇటు లాగుతుంటే, ఆమె అటూ ఇటూ చూసి మెల్లిగా నడిపించేది.

"అక్కా, రోడ్డు దాటినాంక సూపీగూడదా?" అంది ఒకసారి.

"నా ముద్ద, నా పిల్ల. నీకెందుకు?" అన్నాను.

ఒక గురువారం మధ్యాహ్నం బస్సు ఆగింది. బోర్డు తెరుచుకుంది. అది నా కళ్ళతో నేను చూశాను, ఎర్రగా, పూర్తిగా తెరుచుకుంది. జైనబీ, హఫ్సా దిగారు. దిగాక హఫ్సా ఆగి, తన బొమ్మల కాగితం ఏదో తీసి జైనబీకి ఇచ్చింది. ఆమె వంగి బుగ్గ మీద ముద్దు పెట్టింది. నా పిల్ల బుగ్గ మీద! నాకేం పట్టిందో ఏమో, ముద్ద పైకెత్తి, "బంగారూ, రా! పరిగెత్తుకుని రా!" అని గొంతెత్తి అరిచాను.

హఫ్సా చెయ్యి విదిలించుకుని పరిగెత్తింది.

అదే సమయానికి బస్సు వెనక నుంచి గడ్డి మోపుల పికప్ ఒకటి ఆగకుండా పక్కకు కోసుకుని వచ్చింది. జైనబీ పెద్ద కేక పెట్టి దూకింది. బండి కీచుమని మా గోడను గీసుకుంటూ ఆగింది. అద్దం తగిలి హఫ్సా బ్యాగు ఎగిరి పడింది, టిఫిన్ డబ్బా చక్రం కింద అప్పచ్చి అయింది. పిల్ల మోకాళ్ళు దోక్కుపోయాయి, అంతే. దేవుడున్నాడు. నేను గేటు దగ్గరే కొయ్యబారి నిలబడ్డాను. నా కంటే ముందు పిల్లను ఎత్తుకున్నది కూడా జైనబీయే.

పోలీసులు వచ్చి రాసుకున్నారు. ఆగి ఉన్న బడి బస్సును దాటి పోవడం మామూలు తప్పు కాదని, జరిమానాతోపాటు లైసెన్స్ మీద బ్లాక్ పాయింట్లు పడతాయని చెప్పారు. పిల్లకు ఇంకేమైనా జరిగి ఉంటే ఏకంగా కోర్టే. సాక్షులం ఆదివారం స్టేషన్‌కు రావాలన్నారు.

బండి తోలింది భూమేశ్, నిర్మల్ అవతల పల్లెవాడు. మా బాబా మేకలకు గడ్డి తెచ్చేది అతనే. శుక్రవారం గడ్డి వంకతో వంటింటి వాకిట్లోకి వచ్చి కూర్చుండిపోయాడు.

"అక్కా, నీ కాల్మొక్త. ఇంతకుముందే రెండుసార్లు పాయింట్లు పడ్డయి. ఇప్పుడు గిది పడితే లైసెన్స్ ఆపేస్తరు. లైసెన్స్ లేని డ్రైవర్ని సేటు ఏం జేస్కుంటడు? దేశం పంపిస్తడు."

"బోర్డు కనబడలేదా నీకు?"

"కనబడ్డది," అన్నాడు తల దించుకుని. "సోహార్ పోవాలె, ఎండకు గడ్డి వాడిపోతదని ఉరికిన. తప్పే. గని నువ్వు ఒక్క మాట జెప్పు, బోర్డు తెరుసుకోలేదని. నీ పిల్లనే గదా, నీ మాట నమ్ముతరు."

"అప్పుడు తప్పెవరిదవుతుంది?"

"గా ఆయమ్మది. స్విచ్ ఆమె తానే ఉంటది గదా. తీసేస్తరు గావచ్చు."

దాచిపెట్టను, ఆ మాట నా చెవిలో తేనె పోసినట్టుంది. రెండు రోజులు అదే తలచుకున్నాను. ఒక్క మాట. గిన్నెలు తోముతూ చెప్పి చూసుకున్నాను, బట్టలు ఆరేస్తూ చెప్పి చూసుకున్నాను. బోర్డు తెరుచుకోలేదు, బోర్డు తెరుచుకోలేదు. ఖాలా ఉండదు. దా ఉండదు. మళ్ళీ హఫ్సాకు నేనొక్కదాన్నే.

ఆదివారం బాబా నన్ను కారులో తీసుకెళ్ళాడు. పోలీసాయన ఎదుట కూర్చున్నాక, బోర్డు తెరిచి ఉందా అని అడిగాడు. అబద్ధం నాలుక చివరికి వచ్చింది. అప్పుడు నాకు జైనబీ గుర్తుకు రాలేదు. చక్రం కింద నలిగిన టిఫిన్ డబ్బా గుర్తుకొచ్చింది. రేపు ఇంకో బండివాడు ఇంకో బోర్డును చూసీ చూడనట్టు పోతాడు, అక్కడ ఇంకో పిల్ల ఉంటుంది.

"తెరిచే ఉంది. చూసే దాటాడు," అన్నాను.

పిల్ల చెయ్యి ఎలా వదిలించుకుందో మాత్రం నన్ను ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. బయటికొచ్చి, సగం నిజానికే పుణ్యాత్మురాలినైపోయినట్టు గాలి పీల్చుకున్నాను.

బాబా కారు తేవడానికి వెళ్ళాడు. మెట్ల మీద జైనబీ ఒక్కతే కూర్చుని ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఏమ్మే, నీదేం తప్పు లేదని చెప్పినా గదా. ఏడుపెందుకు?"

"పిల్ల చెయ్యి యాల వదిలినావని అడిగినారక్కా. నా చేతిలోంచే జారిందని చెప్పినా. కాంట్రాక్టరు రేపట్నుంచి బస్సెక్కొద్దన్నాడు."

"నేను పిలిచింది నువ్వు వినలేదా?"

"యాల ఇన్లేదు? ఈదంతా ఇనింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఏమైతాది? నీ వీసా మీ బాబా చేతిలో ఉండాది. కోపమొస్తే ఇమానం ఎక్కిస్తాడు. నాకు ఆ పిల్ల కాకుంటే ఇంకో బస్సులో ఇంకో పిల్లోల్లు. నీకు ఆ పిల్ల ఒక్కటే గదక్కా. రోజూ జూస్తానే ఉండా."

అనుకున్నది జరిగింది. జైనబీ పోతోంది, నేను అబద్ధం కూడా ఆడనక్కర్లేకపోయింది. పండగ చేసుకోవాలి కదా? మంట నెత్తికెక్కింది. ఎంత పొగరు ఈమెకు! పిల్ల ప్రేమ తీసుకుంది, నా తెలుగు తీసుకుంది, ఇప్పుడు మంచితనం కూడా మొత్తం తనే మూటగట్టుకుని పోతుందా? ఇక నేను బతికినన్నాళ్ళూ హఫ్సా తల దువ్వుతూ, ఈమె పెట్టిన భిక్ష ఇది అనుకోవాలా?

"ఎవురడిగినారే నిన్ను? ఎవురు చెప్పమన్నారు నిన్ను?" అని అరిచాను. వాకిట్లో పోలీసు ఇటు తిరిగి చూశాడు.

"గమ్మునుండక్కా, ఇంటారు."

"ఇననీ!"

బాబా కారు దిగి వచ్చాడు. ఆయన ఎదుటే మళ్ళీ లోపలికి నడిచాను. నాకొచ్చిన వంటింటి అరబ్బీలోనే చెప్పాను. పిలిచింది నేను. ముద్ద చూపించింది నేను. వేలిముద్ర వేసి కూడా పిలిచాను. ఆమె చేతిలోంచి జారలేదు, నేను లాగాను. ఎందుకు పిలిచావని పోలీసాయన అడిగాడు. అసూయకు అరబ్బీలో ఏమంటారో నాకు తెలియదు. "పిల్ల ఆమెను ఎక్కువ ప్రేమిస్తోంది," అన్నాను. బాబా ముఖం కిందికి దించుకున్నాడు.

అయినా ఆగాల్సింది బండే అన్నాడు పోలీసాయన. భూమేశ్ లైసెన్స్ కొన్నాళ్ళు ఆపేశారు. సేటు పంపించలేదు, గడ్డి మోపులు మోయిస్తున్నాడు. డ్రైవరు పక్క సీట్లో కూర్చుని వస్తాడు, నా వైపు చూడడు. చెయ్యి జారింది ఆమె తప్పు కాదని తేలాక కాంట్రాక్టరు జైనబీని మళ్ళీ బస్సెక్కించుకున్నాడు.

నన్నూ పంపించలేదు. ఆ రాత్రంతా వాళ్ళు మాట్లాడుకున్నారు. పొద్దున్నే బాబా, "ఇక నుంచి గేటు దగ్గరికి మా అమ్మ వెళుతుంది. నువ్వు వెళ్ళొద్దు," అన్నాడు. అంతే. గొంతు కూడా పెంచలేదు. పెంచినా బాగుండేది.

ఇప్పుడు మధ్యాహ్నం బస్సు ఆగినప్పుడు నేను వంటింటి కిటికీలోంచి చూస్తాను. బోర్డు తెరుచుకుంటుంది. అటు రెండు, ఇటు నాలుగు బండ్లు ఆగుతాయి. జైనబీ అటూ ఇటూ చూసి, హఫ్సా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, ఆ చేతిని నానమ్మ చేతిలో పెడుతుంది. అయిదేళ్ళు నాదైన చెయ్యి. చూసిన ప్రతిసారీ కళ్ళు మండుతాయి, అబద్ధమెందుకు? వెళ్ళబోయే ముందు ఆమె తలెత్తి ఈ కిటికీ వైపు చూసి నవ్వుతుంది. నేను నవ్వను.

పొద్దున్నే హఫ్సా కొత్త టిఫిన్ డబ్బాలో బొరుగుల ముద్దలు రెండు పెడతాను. ఒకటి ఎవరికో హఫ్సాకు చెప్పక్కర్లేదు, మధ్యాహ్నానికి డబ్బా ఖాళీగా వస్తుంది. ఆ రెండోది మాత్రం కొంచెం చిన్నదిగానే చుడతాను.